బ్యాటరీకి ఆయుష్షు

అరబ్బుల దేశంలో, సముద్రం ఒడ్డున, అల్ వక్రాలో జాసిమ్ గారింట్లో వంట హనుమక్కది, బండి నాగూర్‌ది. ఇద్దరిదీ రాయచోటి పక్కనే. ఆ ఇంట్లో తెలుగులో తిట్టడానికి హనుమక్కకి మిగిలిన మనిషి నాగూర్ ఒక్కడే. ముందు శ్యామల ఉండేది, తర్వాత అనంతలక్ష్మి. వారం వారం ఫోన్ చేస్తామనే ఊరెళ్ళిపోయారు ఇద్దరూ, చెయ్యలేదు. అప్పట్నుంచి ఎవరైనా మంచం కింద నుంచి సూట్‌కేసు లాగితే చాలు, హనుమక్క మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆ పొద్దున నాగూర్ తన ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఛార్జింగ్ ఆమె చేతే పెట్టించుకుంటాడు. ఊళ్ళో ఒకసారి బోరు మోటారు షాక్ కొట్టినప్పట్నుంచి ప్లగ్గు ముట్టడు.

"అక్కా, నా పని ఖలాస్."

"ఏం జేసినావు? యాడన్నా గుద్దినావా బండి?"

"గుద్దింటే బాగుండు. జాసిమ్ బాబా కరెంటు కారు కొంటాడంట. అది దానంతట అదే పార్కింగ్ చేసుకుంటాదంట, సగం దారి అదే తోలుకుంటాదంట. ఇంగ డ్రైవరెందుకు అంటాండాడు. రేపు సేల్స్ ఆయన కారు తెస్తాడు. పెద్ద మేడమ్ ఊ అనిందంటే నేను రాయచోటికే."

పెద్ద మేడమ్ జాసిమ్ తల్లి. ఆమె ఊ అనకుండా ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా తెగదు. ఏదీ పారేయనివ్వదు. చెడిపోయిన ఫ్రిజ్‌లూ, మూగబోయిన రేడియోలూ అన్నీ పెరటి గదిలో భద్రంగా ఉన్నాయి.

"నోరు మూసుకోని ఉండు. ఆమెతో నేను మాట్లాడతా" అంది హనుమక్క.

మధ్యాహ్నమంతా ఫోన్లో కరెంటు కార్ల వీడియోలు చూసింది. సగం అర్థమైంది, మిగతా సగం తనే కల్పించుకుంది. సాయంత్రం పెద్ద మేడమ్ కాళ్ళకి నూనె రాస్తూ మొదలుపెట్టింది. ఆమెకొచ్చిన అరబ్బీ గుప్పెడు మాటలు, మిగతాదంతా అభినయం.

"మేడమ్, కరెంటు సయ్యారా... కొన్నేళ్ళకి బ్యాటరీ ఖలాస్." మెడ వాల్చేసి, నాలుక బయటపెట్టి చచ్చి చూపించింది. "కొత్త బ్యాటరీ, ఫులూస్ వాజిద్!" అంత డబ్బని రెండు చేతులూ బారలు చాపింది.

అంతవరకూ వీడియోలో విన్నదే. తర్వాతది మాత్రం ఆమె సొంతం.

"చచ్చిన బ్యాటరీలన్నీ సముద్రంలో. హమ్మూర్ మాఫీ!"

ఇక హమ్మూర్ చేప ఉండదని. శుక్రవారం అది లేకపోతే పెద్ద మేడమ్‌కి ముద్ద దిగదు. ఆమె తండ్రి ఆ తీరంలోనే పడవ నడిపినవాడు. ముసలావిడ కాళ్ళు వెనక్కి లాక్కుని సముద్రం వైపు చూసింది. హనుమక్క తల వంచుకుని నవ్వుకుంది.

మర్నాడు దిల్షాద్ అనే సేల్స్ ఆయన కారు తెచ్చాడు. ముందుగదిలో మాటలు నడుస్తుంటే హనుమక్క తలుపు చాటున నిలబడింది. పక్కన నాగూర్ అరబ్బీని తెలుగులోకి మార్చి చెవిలో ఊదుతున్నాడు.

"చచ్చిపోయాక దీన్ని ఎక్కడ పారేస్తారు?" పెద్ద మేడమ్ మొదటి ప్రశ్న అదే.

"ఉమ్మా! ఇంకా ఇంట్లోకి రానేలేదు, అప్పుడే చావు మాటలా?" జాసిమ్ తల్లి మాటకి తల పట్టుకున్నాడు.

"సముద్రంలో ఎవరూ వెయ్యరమ్మా" అన్నాడు దిల్షాద్. "కారు లాగలేనంత నీరసపడ్డాక, ఎండ నుంచి తీసిన కరెంటు దాచుకోవడానికి వాడుకోవచ్చు. అదీ అయ్యాక విప్పి, లోపలి లోహాలు తీసి కొత్తవి చేస్తారు. అన్నిచోట్లా ఆ పని సరిగ్గా జరుగుతోందని చెప్పను. లోహం తవ్వేచోట నేలా నీళ్ళూ పాడవుతున్నాయి, అదీ నిజమే. పెట్రోలు పాపం పెట్రోలుకీ ఉంది కదా. ధరంటారా, కొన్నేళ్ళుగా దిగుతూ వస్తోంది, ఇంకా దిగుతుందంటున్నారు. దీనికి ఎనిమిదేళ్ళ గ్యారంటీ."

పారేయక్కర్లేని వస్తువు! పెద్ద మేడమ్ ముఖం విప్పారింది.

"అక్కా, మునిగినాం" అన్నాడు నాగూర్.

హనుమక్క కాఫీ కూజా అందుకుని లోపలికి నడిచింది. కప్పులో పోస్తూ, ఆస్పత్రిలో నేర్చిన ముక్క ఒకటి వదిలింది.

"బ్యాటరీ మరీద్... లేష్?" జబ్బు ఎందుకు చేస్తుంది అని.

దిల్షాద్ నవ్వాడు. "మంచి మాట అడిగావమ్మా. దీనికి మొదటి శత్రువు ఎండ. రోజూ నిండా ఎక్కించినా, అడుగంటనిచ్చినా చెడుతుంది. ఛార్జింగ్ నూటికి ఎనభై దగ్గర ఆపాలి, నీడన పెట్టాలి. కనిపెట్టుకుని ఉండే మనిషుంటే ఎక్కువకాలం వస్తుంది."

పెద్ద మేడమ్ మెల్లగా కొడుకువైపు తిరిగింది.

"నీకు డేగని కొనిచ్చాను. ఏమైంది?"

"ఉమ్మా, అప్పుడు నేను పిల్లాణ్ణి."

"రంగు చేపలు తెచ్చాను. ఏమయ్యాయి? మొన్న నీ ఫోన్ బండిలో వదిలేసి ఎండలో ఉడకబెట్టావు. దీన్ని నీ చేతికిస్తే ఏడాదిలో చంపేస్తావు." చేతికర్ర నేలకేసి కొట్టింది. "నాగూర్!"

నాగూర్ తలుపు చాటునుంచి ఊడిపడ్డాడు.

"కారు కొనుక్కో. దాన్ని చూసుకునేది మాత్రం వీడు. గ్యారంటీ అయ్యేదాకా వీణ్ణి పంపించే మాటెత్తకు. దాని జబ్బుల సంగతి అడిగింది కనక హనుమక్క కూడా అంతవరకూ ఉంటుంది."

వంటింట్లోకి వచ్చాక నాగూర్ గోడకి చేరబడ్డాడు.

"ఉద్యోగం నిలబెట్టినావు సరే. ఆ తీగె ఎవరు ముట్టుకోవాల? నేను ప్లగ్గే ముట్టను గదక్కా!"

"చెప్పులేసుకోని ముట్టు."

కారు ఇంటికొచ్చిన సాయంత్రం, షెడ్డు నీడలో నాగూర్ రబ్బరు చెప్పులేసుకుని, గిన్నెలు తోమే గ్లౌజులు తొడుక్కుని, ఛార్జింగ్ తీగెని పాము తోకలా చివర పట్టుకుని నిలబడ్డాడు. తీగె తగిలించింది చివరికి హనుమక్కే. ఆ తర్వాత నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దండ ముందు భాగాన కట్టి, బానెట్ మీద అరచెయ్యి పెట్టింది.

"నిండు నూరేళ్ళు..." అనబోయి నాలుక కరుచుకుంది. నూరేళ్ళంటే తను రాయచోటి మొహం ఎప్పుడు చూసేట్టు?

"వద్దులే తల్లీ. వాళ్ళు చెప్పినన్నేళ్ళు బతుకు, చాలు" అంది. నాగూర్‌కి వినబడకుండా గొంతు తగ్గించింది. "పోయేటప్పుడు మాత్రం ఇద్దరినీ ఒకే రోజు పంపించు. ఒకరి సూట్‌కేసు ఒకరు చూడకుండా."

"ఎవరితోనక్కా మాటలు?"

"నీకెందుకబ్బీ? ఎంతయింది చూడు."

"ఎనభై! ఎనభై వచ్చింది!" నాగూర్ గ్లౌజులతోనే వెనక్కి గెంతాడు. "నువ్వే పీకక్కా, బిన్నే! ఎక్కువైపోతాది!"