తీర్థం పోసిన కెటిల్

మధులికకు ఆ నాటకం మొదటినుంచీ ఇష్టం లేదు.

పేరు ‘టీ మాత్రమే’. మద్యనిషేధం రోజుల్లో రాజమండ్రిలో ఒక హోటలు. బోర్డు మీద టీ, కెటిల్లో బ్రాందీ. తెలిసినవాళ్లు వచ్చి ‘తీర్థం’ అని అడిగితే కప్పుల్లో పోసి ఇస్తారు. ఎక్సైజు ఇన్‌స్పెక్టరు ఊడిపడినప్పుడల్లా సాక్ష్యం దొరక్కుండా సర్వరు ఆ కప్పులన్నీ తానే తాగేయాలి. ఇన్‌స్పెక్టరు మాటిమాటికీ వస్తాడు, సర్వరు మాటిమాటికీ తాగుతాడు. అదీ అందులోని హాస్యం. ఆ సర్వరు చిట్టి వేషం ఆమె భర్త ప్రసన్న కుమార్‌ది.

ఇంట్లో ఆ నాటకం ఆమె ఏళ్ల తరబడి చూసింది. అతనూ టీ కప్పులోనే పోసుకునేవాడు. ఏమిటది అని అడిగితే కప్పు మీద అరచెయ్యి మూసి, “టీయే, మధూ” అనేవాడు. ఆ మాట ఎంత మెత్తగా అనేవాడంటే, అడిగినందుకు ఆమెకే సిగ్గేసేది. చివరికి పాంక్రియాస్ వాచి ఆస్పత్రి పాలయ్యాడు. మళ్లీ తాగితే మాత్రం మా చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ మొహాన చెప్పేసింది. అప్పటినుంచీ ముట్టలేదు. వాళ్లుండే విదేశపు ఊరు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో తెలిసిన తెలుగువాళ్లందరికీ మాత్రం గాల్‌బ్లాడర్లో రాళ్లని చెప్పుకున్నారు. పరువు మరి! మనవాళ్లకి రోగం కంటే రోగం పేరంటేనే భయం.

“వెయ్యనీ మధూ. దాన్ని చూసి పదిమందితో కలిసి నవ్వితే నా భయం కూడా పోతుందేమో” అన్నాడతను. ఆ మాటకి ఆమె మెత్తబడింది. కళ్లముందైనా ఉంటాడని ప్రాంప్టింగ్ పని తనే తీసుకుంది. రిహార్సల్స్‌కి బ్లాక్ టీ స్వయంగా కాచి, చల్లార్చి, కెటిల్ నింపేది. నాటకంలోని వాళ్లంతా సరదాకి దాన్నే తీర్థం అనేవారు. ఆమె నోటికీ అదే అలవాటైపోయింది.

శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాలు కిటకిటలాడింది. బయట ఒకటే వాన. తడిసిన కోట్ల వాసన, సమోసాల వాసన కలిసిపోయి స్టేజీ దాకా వస్తున్నాయి. తెర లేవబోతుంటే కెటిల్ ఖాళీగా ఉందని మధులిక చూసుకుంది. టీ ఫ్లాస్కు వంటగది అలమారాలో, అక్కడివాళ్ల మాటలో ప్రెస్‌లో, ఉండిపోయింది. స్క్రిప్టు వదిలి వెళ్లడానికి లేదు. అటుగా పోతున్న తెలుగు సంఘం కార్యదర్శి రాజ్‌కిరణ్‌ని పిలిచింది. ఆయన ఒక్క రిహార్సల్‌కీ వచ్చిన పాపాన పోలేదు.

“అన్నయ్యగారూ, వంటగది ప్రెస్‌లో తీర్థం పెట్టాను... కాస్త ఈ కెటిల్లో పోసుకొస్తారా?”

“తీర్థమా?” రాజ్‌కిరణ్ చుట్టూ చూసి కిసుక్కున నవ్వాడు. “మీకూ తెలిసిపోయిందన్నమాట! సరే చెల్లెమ్మా, మీరు అడిగాక కాదంటానా?”

ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. ఎందుకో అడుగుదామనుకునేలోపే మైకులో నాటకం పేరు చదివేశారు.

మొదటిసారి ఇన్‌స్పెక్టరు బూట్ల చప్పుడు వినిపించింది. ప్రసన్న కుమార్ కప్పెత్తి ఒక గుక్క వేశాడు. అంతే, ఆగిపోయాడు. కప్పు పెదవుల దగ్గరే ఉంది, మనిషి కదలడు. డైలాగు మరిచిపోయాడు కాబోలనుకుని మధులిక పక్కతెర చాటునుంచి గుసగుసగా అందించింది.

“తాగెయ్‌రా చిట్టీ, తాగెయ్! చుక్క మిగిలితే జైలే!”

అతను తల తిప్పి ఆమె వంక చూశాడు. ఏదో అడుగుతున్న చూపు. ఆమె స్క్రిప్టులో వేలు ఆన్చి, తల ఊపి, “తాగెయ్” అని మళ్లీ అంది.

అతను తాగేశాడు. ఆ తర్వాత ఆమె వైపు చూడలేదు.

రెండోసారి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఈసారి అందించాల్సిన పని లేకుండానే రెండు కప్పులు ఖాళీ అయ్యాయి. జనం కుర్చీల్లో విరగబడి నవ్వుతున్నారు. మధులిక మాత్రం అతని కాళ్లనే చూస్తోంది. రిహార్సల్స్‌లో తూలేవాడు, బల్లలకు గుద్దుకునేవాడు. ఇప్పుడు తూలడం లేదు. నిటారుగా, ఆచితూచి అడుగులు వేస్తున్నాడు. వెనకటి రోజుల్లో తాగినప్పుడు హాల్లోంచి పడగ్గదికి అలాగే నడిచి వచ్చేవాడు.

కూతురు ధరణి నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంటూ స్టేజీ వెనక్కి వచ్చింది. “మమ్మీ, డాడ్ ఈజ్ సో గుడ్ అట్ దిస్!”

దాని వెనకే రాజ్‌కిరణ్. “అదిరిపోయింది చెల్లెమ్మా! అసలు మేం ఆ ఫ్లాస్కు వెనకాల మందు సీసా దాచుకున్నట్టు మీకెవరు చెప్పారు? పోతే పోయిందని మొత్తం వంచేశా. నిజంది పడితే ఆ నటనే వేరు!”

తీర్థం అన్నది తను. ప్రెస్‌లో ఉందన్నది తను. పెదవుల దగ్గర కప్పు పట్టుకుని అతను తనని అడిగితే, తాగెయ్ అన్నదీ తనే. అదీ రెండుసార్లు. స్క్రిప్టు చేతిలోంచి జారిపోయింది. మూడోసారి బూట్ల చప్పుడు మొదలైంది, ప్రసన్న కుమార్ కప్పు నింపుకుంటున్నాడు. ఆమె చరచరా లైట్ల వెలుగులోకి నడిచింది.

జనం ఇదీ నాటకమే అనుకున్నారు. సర్వరు పెళ్లాం వచ్చిందని ఈలలు, చప్పట్లు.

“ఇటివ్వండి” అంది, చెయ్యి చాపి. “మీకు దణ్ణం పెడతాను, ఇటివ్వండి.”

ప్రసన్న కుమార్ ఆమెను చూసి నవ్వాడు. ఎన్నాళ్లుగానో ఆ ఇంట్లో కనబడని నవ్వు అది. కప్పు మీద అరచెయ్యి మూశాడు.

“టీయే, మధూ” అన్నాడు మెత్తగా.

మైకులో ఆ మాట హాలంతా వినబడింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆమె కప్పు పట్టుకుని గట్టిగా లాగింది. అతని వేళ్లు వదల్లేదు.