రెండో వాల్వు

"ఉల్లిపాయలు సన్నంగా కొయ్యే. లావుగుంటే అయ్యగారికి నచ్చదు," అంది విమలమ్మ కోడలితో. అయ్యగారంటే చర్చి పాస్టరు. కొడుకు టిమోతికి చెన్నైలో కార్ల కంపెనీ ఉద్యోగం వచ్చినందుకు, కంచరపాలెంలోని వాళ్ళింట్లో ఆ సాయంత్రం కృతజ్ఞతా కూటం. చర్చి మొత్తానికి బిర్యానీ. వండేది కోడలు మిరియం ఒక్కతే. "దేవుడు నా కొడుక్కి ఎంత గ్యానం ఇచ్చాడో సూడు. నువ్వూ సదివేవు, ఏటి లాభం?"

మిరియం ఇంకో ఉల్లిపాయ అందుకుంది. ఎంటెక్‌లో టిమోతి కంటే ఆమెకే మార్కులెక్కువ. బాబు పుట్టాక, ఒకింట్లో ఇద్దరు లెక్చరర్లెందుకని మాన్పించింది ఈ అత్తగారే. మాన్పించింది ఉద్యోగాన్నే గాని పనిని కాదు. కాలేజీ ల్యాబులో ఇంజను మొరాయించినప్పుడల్లా టిమోతి ఆ లెక్కలు తెచ్చి వంటింటి గట్టు మీద పడేసేవాడు. "ఖాళీయే గదా, సూడు," అనేవాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ నడుం వాల్చని మనిషి ఖాళీ అట!

సాయంత్రం ముందు గదిలో పాటలయ్యాయి. దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి టిమోతి లేచాడు.

"ప్రభువు నాకు కలలో కనబడ్డాడు. టిమోతీ, రెండో వాల్వు పూర్తిగా మూయకు, వెంట్రుకవాసి తెరిచి ఉంచు అన్నాడు. తెరిచాను. ఇంజను నడిచింది. ఆ ఇంజను చూసే నాకు ఉద్యోగమిచ్చారు."

"స్తోత్రం!" అన్నారందరూ. విమలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

మిరియం గరిటెతో గుమ్మంలో నిలబడి వింటోంది. వెంట్రుకవాసి! ఆ మాట కూడా తనదే. గాలి లోపలికి పోయే వాల్వులు సిలిండరుకి రెండు. వేగంలో రెండూ బాగా లేవాలి, ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి. నెమ్మదిగా పోయేటప్పుడు ఒకటే చాలు కదా అని టిమోతి రెండోదాన్ని పూర్తిగా మూసేశాడు. మూసినదాని వెనక పెట్రోలు చేరి, వేగం పెంచగానే ఇంజను దగ్గి ఆగిపోయేది. దాన్ని కొంచెం తెరవమని చెప్పింది, ఆ వాల్వుని లేపే క్యామ్‌కి కొత్త ఆకారం గీసింది మిరియం. తన తెలివిని మొగుడు తినడం ఆమెకి అలవాటే. తిన్నాక మూతి తుడుచుకోవడానికి దేవుణ్ణి కూడా వాడుకుంటాడనుకోలేదు. ఛీ! ఈ మనిషి ఎంగిలి కంచంలోనా ఇన్నేళ్ళూ తను తిన్నది?

"ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా?" అడిగారు అయ్యగారు. సాక్ష్యానికి లేచినవాళ్ళని ఆ చర్చిలో ఎవరూ మధ్యలో ఆపరు. పూటుగా తాగొచ్చినవాడు లేచినా సరే, విని తీరాల్సిందే.

మిరియం గరిటె అత్తగారి చేతిలో పెట్టి ముందుకొచ్చింది.

"అయ్యగారూ, ఆ మాట ఈయనకి సెప్పింది దేవుడు కాదు, నాను. సింకు దగ్గర సేపలు కడుగుతా సెప్పాను. ఇంట్లో కూకుని ఇంజన్లు నడిపేత్తావా అని నవ్వారు. మర్నాడు ఎళ్ళి అదే సేసారు."

టిమోతి మొహం మీదకి నవ్వు తెచ్చుకున్నాడు. "మిరియం, బిర్యానీ మాడిపోద్ది, సూడు."

"అత్తమ్మ సూత్తారు." ఆమె అయ్యగారి వైపే తిరిగి ఉంది. "సోమవారం చెన్నైలో ఉద్యోగంలో సేరగానే ఈయన్ని ఇంజను ముందు నిలబెట్టి, ఏ వేగానికి ఆ వాల్వు ఎంత లేవాలో, ఎందుకో అడుగుతారు. ఈయన కోసం అందరూ ప్రార్థన సెయ్యండి. నాను మాత్రం ఈయన ఫోను ఎత్తను."