అంపైరమ్మ తెల్ల ప్యాంటు

నాకు కోపం ఎక్కువని మా లాంప్‌రూమ్‌లో అందరికీ తెలుసు. తెలియనీ. మూడేళ్ళు మిమ్మల్ని కూడా మైదానం బయట స్కోరు టేబులు దగ్గర కూర్చోబెడితే మీకూ వస్తుంది.

నా పేరు జ్యోతిరాణి. నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్‌లో మా అవ్వతో ఉంటాను. అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం మేం. బాపు ముప్పై ఏళ్ళు బొగ్గు నింపి, ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయితే ఆయన బదులు నాకు ఉద్యోగం వచ్చింది. గనిలోకి దిగేవాళ్ళకు టోపీ లైట్లు ఇచ్చే గదిలో పని. కిటికీ దగ్గర కూర్చుని టోకెను తీసుకుంటాను, లైటు ఇస్తాను. అంతకుముందు నేను కబడ్డీ ఆడేదాన్ని. కూతకు వెళ్తే ఇద్దరిని ముట్టకుండా తిరిగి వచ్చేదాన్ని కాదు. ఆట మానేశాక అంపైరు పరీక్ష రాసి పాసయ్యాను. మా ఏరియాలో ఆ పరీక్ష పాసైన ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ఏం లాభం? ప్రతి ఏడూ గనుల మధ్య పోటీలు జరుగుతాయి. ఆటలు చూసుకునే సూపర్‌వైజర్ శ్రీహరి సార్ మగ అంపైర్లకు తెల్ల ప్యాంట్లు పంచుతాడు. నాకు మాత్రం నల్ల ట్రాక్ ప్యాంటు. "లేడీస్‌కు నల్లదే మంచిగుంటదమ్మా" అంటాడు. సరేనని నల్లది వేసుకుని పోతే, "అంపైర్లకు తెల్లది ఉండాలె గదా, రూలు. నువ్వు స్కోరు రాయి" అంటాడు. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. తెల్లది ఇవ్వరు. తెల్లది లేదని లోపలికి రానివ్వరు.

ఈ ఏడు ఊరుకోలేదు. నేరుగా ఆయన టేబులు ముందుకు పోయి నిలబడ్డాను.

"నాకు గుడ తెల్లదే ఇయ్యున్రి సార్."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు నా చెల్లె లెక్క, అందుకే చెప్తున్న. ఆడోళ్లకు ఎప్పుడేమైతదో ఎవలకెర్క? రెండు వేల మంది సూస్తుంటరు. ఏమన్నయితె నీ ఇజ్జతే పోతది."

"నా ఇజ్జత్ ఫికర్ మీకెందుకు సార్? మీరియ్యకుంటె నేనే కుట్టిచ్చుకుంట. తెల్లది ఏస్కొనొస్తె దింపుతరా, దింపరా?"

"ఏస్కొనొస్తె దింపాలె మరి. రూలున్నది గదా."

"ఫైనల్‌కు?"

చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అన్నాడు. "సరే, ఫైనల్‌కే దింపుత. కని సగం ఆటల బయటికి ఉరికొచ్చే పరిస్థితి వస్తె మాత్రం, ఇగ ఎప్పుడూ అంపైర్ అని నా దగ్గరికి రావద్దు."

అదీ బేరం. మగ అంపైరు మధ్యలో కాలు బెణికి బయటికి వస్తే వచ్చే ఏడు మళ్ళీ వస్తాడు. నేను మాత్రం ఒక్కసారి బయటికి వస్తే జన్మంతా బయటే. ఒప్పుకోక చేసేదేముంది?

ఆ ఆదివారమే మంచిర్యాల పోయాను. బట్టల దుకాణంలో నాలుగు రకాల తెల్లబట్ట పరిచాడు. మొదటిదాని కింద చేయి పెట్టి ట్యూబ్‌లైట్‌కు ఎత్తి చూశాను. వేలికున్న ఉంగరం కనిపించింది. వద్దన్నాను. రెండోదానిలో ఉంగరం లేదు కానీ వేళ్ళు లెక్కపెట్టవచ్చు. మూడోది నలిపితే ముడత అట్లాగే ఉండిపోయింది. నాలుగోది దొడ్డు డ్రిల్లు బట్ట, చేయి అసలు కనిపించలేదు.

"మేడం, గిది దవాఖానోళ్లు తీస్కపోతరు" అన్నాడు దుకాణంవాడు.

"నేను గుడ తీస్కపోత. రెండున్నర మీటర్లు చింపు."

తెల్ల ప్యాంటు లోపల తెల్ల లోదుస్తులు వేసుకుంటే ఇంకా బయటపడుతుందని, ఒంటిరంగుది వేసుకుంటే అసలు కనిపించదని నాకు ఎవరూ చెప్పలేదు. రెండూ వేసుకుని, పైన ఆ బట్ట చుట్టుకుని, ఎండలో అద్దం ముందు నిలబడి తెలుసుకున్నాను. మగ అంపైర్లలో ఒక్కడికైనా ఈ పని పడిందా? ఇచ్చింది తొడుక్కుని బెల్టు పెట్టుకుంటాడు.

శ్రీరాంపూర్ బస్టాండు దగ్గర కొండల్ మామ దుకాణం. మా కాలనీలో సగం ప్యాంట్లు ఆయన కుట్టినవే. నాకు మాత్రం కొలతలు తీయడానికి టేపును రెండు వేళ్ళతో పట్టుకుని మూరెడు దూరం జరిగాడు.

"నీ పాత ప్యాంటొకటి తెచ్చియ్యి బిడ్డా. దాన్ని జూసి కుడ్త."

"పాతది సరిగ్గుంటె నీ దగ్గరికెందుకొస్త మామా? మంచిగ కొలువు. గొంతుక్కూసుంటె పట్టొద్దు, ఉరికితె జారొద్దు. కుట్లు డబల్ వెయ్యి. జేబులు లోతుగుండాలె."

"ఆడోళ్ల ప్యాంటుకు జేబులెందుకే?"

"కార్డులు, విజిల్ ఏడ పెట్టుకోవాలె? నీ దుకాన్‌ల పెట్టిపోవాల్నా?"

మామ నవ్వాడు. కానీ జేబులు మాత్రం బాగా లోతుగా పెట్టాడు. పాపం, ఆయన్ని అనడానికి లేదు. అడిగేవాళ్ళే రాకపోతే ఆయనకెలా తెలుస్తుంది?

ఇంటికి తెచ్చి తొడుక్కుంటే మా అవ్వ సమ్మవ్వ చేటలో బియ్యం పక్కన పెట్టేసింది.

"ఏందే గిది? గీ బొగ్గు దుబ్బల తెల్లది ఏస్కొని ఏడికి వోతవే?"

"గ్రౌండుకు పోత అవ్వా."

"గీ ఊర్ల తెల్ల ప్యాంటు ఎవలేస్తరో ఎరికేనా? యూనియన్ లీడర్లేస్తరు, గుత్తేదార్లేస్తరు. పని జేసేటోడు ఎన్నడన్న ఏసిండా? మీ బాపు ఏసిండా?"

అవ్వ మాటల్లో అబద్ధం లేదు. మా దగ్గర తెల్ల ప్యాంటు అంటే ఒంటికి బొగ్గు అంటని మనిషి అని లెక్క. ఆ మనిషి కారు దిగుతాడు, మాట్లాడతాడు, కారెక్కుతాడు. రోజూ బొగ్గు మనుషుల మధ్య కూర్చునే నాకెందుకు ఉండకూడదు ఆ తెలుపు? అవ్వకు అదే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు కానీ, ఉతికిన ప్యాంటును బయట తీగ మీద వేయబోతుంటే గుంజుకుంది. పక్కనే నేల తెరిచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయ్యే వేళ అది. కాసేపుంటే దుబ్బ లేచి కాలనీ మీద పడుతుంది. లోపల ఫ్యాను కింద కుర్చీ మీద పరిచి ఆరబెట్టింది. పొద్దున నల్ల చున్నీ ఒకటి చేతిలో పెట్టి, "నడుముకు కట్టుకో, దేనికైన పనికొస్తది" అంది. చున్నీని మంచం మీద పెట్టి బయలుదేరాను.

ఫైనల్ భూమి లోపలికి దిగే ఇంక్లైన్ గని జట్టుకూ ఓపెన్‌కాస్ట్ జట్టుకూ. ఆ రోజు నాకు రెండో రోజు. ఎందుకు దాచాలి? నెలనెలా వచ్చేదే. దానికి తగిన జాగ్రత్తలు నేను చేసుకునే వచ్చాను. ఇంట్లో వంగి, గొంతుక్కూర్చుని, గోడ నుంచి గోడకు ఉరికి చూసుకుని మరీ వచ్చాను.

గ్రౌండులోకి నడుస్తుంటే ఎవడో అరిచాడు. "అరే, దవాఖాన నర్సమ్మ వచ్చింది రో!" ఇంకెవడో ఈల వేశాడు. రోజూ నా చేతుల్లోంచి లైటు తీసుకుపోయేవాళ్ళే. నేను గీత పక్కన నిలబడి నా విజిల్ ఊదాను. అది వాళ్ళ ఈల కంటే గట్టిగా మోగింది.

మొదట్లో ప్రతి కూతకూ ప్యాంటు గుర్తొచ్చింది. అబద్ధమెందుకు, గుర్తొచ్చింది. ఎనిమిదో తొమ్మిదో కూత తర్వాత మరిచిపోయాను. ఆట వేడెక్కాక అంపైరుకు కాళ్ళూ గీతలూ తప్ప ఇంకేం కనిపిస్తాయి? బోనస్ గీత దాటిన మడమ చూడాలి, వెనక కాలు లేచిందా చూడాలి. ఒకసారి ఇంక్లైన్ వాళ్ళు తమ కూతగాడు ముట్టాడని గొడవ పెట్టుకున్నారు. ముట్టలేదు, నేను చూశాను. చేయి అడ్డంగా ఊపాను. తిట్టుకుంటూనే అయినా వెనక్కి పోయారు. అవతలి పక్కనున్న అంపైరు సంపత్ కూడా తలూపాడు.

ఇంక మూడున్నర నిమిషాలుందనగా ఇంక్లైన్ కూతగాడు రంజిత్ దిగాడు. అతనికి ఆ ఏడు ఎదురులేదు. నలుగురు మీద పడితే నలుగురినీ ఈడ్చుకుంటూ నా వైపు గీత దాకా వచ్చాడు. ఎవరి చేతులో ఎవరి కాళ్ళో నా కాళ్ళకు తగిలాయి. రంజిత్ వేలు మధ్యగీతకు అందింది. నాలుగు పాయింట్లు. విజిల్ ఊది, నాలుగు వేళ్ళు చూపించాను. ఇంక్లైన్ వాళ్ళు ఎగిరి గంతేశారు. ఒక్క పాయింటు పైకి వెళ్ళారు.

ఆ గోల ఉన్నట్టుండి నా వెనక మాత్రం ఆగిపోయింది. తిరిగి చూస్తే ముందు వరుసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కనాయన కళ్ళు తిప్పుకున్నాడు. అంతలో శ్రీహరి సార్ తువ్వాల పట్టుకుని గీత దగ్గరికి ఉరికొచ్చాడు.

"జ్యోతిరాణీ, జర బయటికి రా. ఎనక మరకయింది. గిది సుట్టుకో. మిగిలిన ఆట సంపత్ నడిపిస్తడు."

నా చేయి దానంతట అదే వెనక్కి పోయింది. రెండు వేల మంది ముందు ఆ చేయి అట్లా పోయినందుకు నా మీద నాకు ఈ రోజుకీ కోపమే.

చేతికి తడి తగిలింది. కానీ ఎక్కడ? మోకాలికి జానెడు పైన, తొడ పక్కవైపు. వేళ్ళు చూసుకున్నాను. రక్తమే. రక్తంలో మట్టి, ఇసుక. నాది అంత పక్కకు, అంత కిందికి, మట్టితో కలిసి ఎట్లా వస్తుంది? చూసినవాళ్ళలో ఒక్కరికైనా ఆ అనుమానం రాలేదు. ఆడమనిషి, తెల్ల ప్యాంటు, ఎరుపు. ఇంకేం ఆలోచించాలి వాళ్ళకు? నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం నేనూ అదే అనుకున్నాను.

పొడుగ్గా విజిల్ ఊది ఆట ఆపించాను.

"మంచిగ జేసినవమ్మా" అని సార్ తువ్వాల ఇంకా ముందుకు చాచాడు.

నేను బయటికి రాలేదు. గీత దాటి లోపలికి పోయాను.

"అందరు చేతులు సూపియ్యున్రి."

రెండు జట్లూ నిలబడి చేతులు చాచాయి. రంజిత్ మాత్రం ఎడమచేయి చాచి, కుడిచేయి బనీను కింద దోపుకున్నాడు.

"గా చెయ్యి తియ్యి."

"ఏం లేదక్కా. జర గీక్కపోయింది."

"తియ్యిమన్న గదా!"

తీశాడు. మోచేతి దగ్గర తోలు లేచిపోయి, మణికట్టు దాకా ధార కట్టి కారుతోంది. బనీను లోపలివైపంతా తడిసింది.

"మూడు నిమిషాలే ఉన్నయి అక్కా. నేను పోతె ఆట పోతది."

"రక్తం కారంగ ఆడొద్దు. కట్టు కట్టిచ్చుకో, ఆగినంక రా."

వాళ్ళ కెప్టెన్ నా మీదికి వచ్చాడు. "నీకయిన మరకకు మావోణ్ణి ఎల్లగొడ్తవా?" అన్నాడు. జేబులో చేయి పెట్టి కార్డు తీసి చూపించాను. నోరు మూసుకుని వెనక్కి పోయాడు. రంజిత్ చేయి ఎత్తి పట్టుకుని బయటికి నడిస్తే గ్రౌండంతా చప్పట్లు. "శెభాష్ రంజిత్! రక్తం కారంగ ఆడిండు!" ముందు వరుసలో కొంగు అడ్డం పెట్టుకున్నామె కూడా చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిమిషం కింద అదే రక్తాన్ని చూసి మొహం తిప్పుకున్నారు వీళ్ళు.

మరక అట్లాగే ఉంది. ఆ ప్యాంటుతోనే మిగిలిన మూడు నిమిషాలూ గీత వెంట ఉరికాను. రంజిత్‌కు రక్తం ఆగేలోపే ఆట అయిపోయింది. ఓపెన్‌కాస్ట్ రెండు పాయింట్లతో గెలిచింది.

సంతకాల కోసం స్కోరు టేబులు దగ్గరికి పోయాను. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. శ్రీహరి సార్ నవ్వు మొహం పెట్టుకున్నాడు.

"అది నీది కాదని ముందే ఒక్క మాట చెప్తె అయిపోతుండె గదమ్మా. అందరం ఊకె పరేషాన్ అయినం."

"నాదైతె ఏం జేస్తుంటిరి సార్?"

"గట్ల మాట్లాడకు. అందరున్నరు."

"అందరున్నరనే అడుగుతున్న. ఇయ్యాల నాకు రెండో రోజు. నలభై నిమిషాలు ఉరికిన. ఒక్క కూతకన్న తప్పు చెప్పిననా?"

స్కోరు రాసే అతను పెన్ను పట్టుకుని షీటు వైపే చూస్తున్నాడు. శ్రీహరి సార్ చేతిలో తువ్వాల ఇంకా అట్లాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియడం లేదు.

"గది రంజిత్‌కియ్యున్రి సార్" అన్నాను, షీటు నా ముందుకు లాక్కుని అంపైరు అన్నచోట సంతకం పెడుతూ. "రక్తం దాసుకున్నది ఆయన. నేను గాదు."