మోటకాడి కూత

సారయ్య నాలుకను అంగిలికి కొట్టి “ట్చ ట్చ” అన్నాడు. ఎడ్లు వాలులోకి దిగాయి. గిరక కీచుమంది. తోలు మోట బావిలోంచి పైకి వచ్చి తొట్టిలో నీళ్లు కుమ్మరించింది. “హో... హో” అని గొంతులోంచి ఒక కూత పెట్టాడు. ఎడ్లు వెనక్కి నడుస్తూ మళ్లీ గట్టెక్కాయి. బావి అంచు దగ్గరికి రాగానే పెదాలు అదిరించి “బ్ర్‌ర్ర్” అన్నాడు. ఆగిపోయాయి. ఆ మూడు కూతలమీదే అతని బతుకంతా గడిచింది.

చేతిలో ముల్లుగర్ర ఉంది గానీ దానికి ములుకు లేదు. ఎప్పుడో పీకి పారేశాడు. నోరుండగా ఎద్దును పొడవడమెందుకని అతని వాదన. మనిషి పొట్టి. నడుముకు గోచి, తలకు చిరుగుల రుమాలు. వాలు ఎక్కీ దిగీ కాలివేళ్లు నేలను పట్టుకున్నట్టు లోపలికి వంగిపోయాయి. కుడివైపు పక్కటెముక ఒకటి వంకరగా అతుక్కుంది. అది మిలిట్రీ క్యాంపువాళ్లు కొట్టిన దెబ్బ. అప్పటినుంచి వాలు ఎక్కినప్పుడల్లా ఛాతీలో పట్టేస్తుంది.

దొర పట్నానికి పారిపోయినప్పుడు ఎర్రజెండా సంగం అతని భూమిలోంచి ఈ బావి కిందే సారయ్యకు అరెకరం పంచింది. ఒక్క పంట తిన్నాడు. మిలిట్రీ లారీల వెనకే దొర తిరిగొచ్చాడు. మడి పోయింది, మోట మాత్రం సారయ్యకే మిగిలింది. అదృష్టమంటే అదీ!

తొట్టి పక్కన మనవరాలు యాకమ్మ బురదలో వేళ్లు పెట్టి ఆడుకుంటోంది. నాలుగేళ్ల పిల్ల. ఇంతవరకు ఒక్క మాట లేదు. ఆ బెంగ తల్లి లచ్చమ్మను తినేస్తోంది. పొద్దున దొర గడిలో వెట్టికి పోతూ పిల్లను ఇక్కడ దించినప్పుడు కూడా అదే ఏడుపు.

“వస అరగదీసి నాలికకు రాసిన. చిలక కొరికిన జాంపండు పెట్టిన. అమ్మా అని గూడ అంటలేదు నాయిన. దీని నోరు ఎప్పుడిప్పుతది?”

“పరేషాన్ గాకు బిడ్డ. మాట ఎన్కకొస్తది, ముందుగాల కూత. పాలు గుడిచే పెదాలకే ‘మ్మ’ దొరికింది. గొడ్డును అదిలించే నాలుకకే ‘ట్చ’ దొరికింది. గవన్ని ఒక్కతాన కూడితే మాటైంది. మనిషికి ఎవడన్న కూసోబెట్టి నేర్పిండా?”

లచ్చమ్మ కళ్లు తుడుచుకుని, ఒకసారి బావిలోకి చూసి వెళ్లిపోయింది. బావి గోడలో రాళ్లు ఊడిన చోట ఒక అర ఉంది. అందులో ఆమె మొగుడు సోమనర్సయ్య దాక్కుని ఉన్నాడు. సంగం దళం మనిషి. అడవిలో వానకు తడిసి జ్వరం పట్టుకుంది, జ్వరం వెంట దగ్గు. చీకటి పడితే మళ్లీ అడవికి పోవాలి. అప్పటిదాకా ఊపిరి కూడా మెల్లగా తీయాలి.

పొద్దు నెత్తిమీదికి వస్తుండగా మిలిట్రీవాళ్లు వచ్చారు. తుపాకులు చింతచెట్టుకు ఆనించి, తొట్టిలో ముఖాలు కడుక్కుని నీడలో కూలబడ్డారు. వాళ్ల భాష సారయ్యకు తెలియదు. వెంట వచ్చిన పోలీసు జవాను మాత్రం ఈ పక్కవాడే.

గిరక మోగినంతసేపు భయం లేదు. మోట మునిగి నిండేదాకా ఎడ్లు గట్టుమీద ఆగాలి, ఆ కాసేపే అంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే బావిలోంచి దగ్గు వినిపించింది.

సారయ్య వెంటనే తనే కడుపు పట్టుకుని తెగ దగ్గాడు.

“ఏందిర ముసలోడ, గట్ల దగ్గుతున్నవ్?” జవాను అడిగాడు.

“పొగాకు అయ్యా.”

“ఎడ్లనిడిచే యాళ్లయింది గద?”

“మడి ఎండుతాంది. దొర తిడతడయ్యా.”

అప్పటినుంచి ఆగలేదు. గిరక ఆగిన చోటల్లా తన గొంతుతో నింపాడు. హో అన్నాడు, హొయ్ అన్నాడు, ఎడ్లను పేరుపెట్టి తిట్టాడు, మురిపెంగా పిలిచాడు. ఎడ్ల నోట నురగ కారుతోంది. సారయ్య నోట తడారిపోయింది. చేతిలో కర్ర బరువనిపించి తొట్టికి ఆనించాడు. మొండి ముసలివాడు, పడితే అల్లుడు పోతాడని నిలబడ్డాడు.

చివరికి వాళ్లు లేచారు. బూట్ల చప్పుడు బాట మలుపు దాటింది. సారయ్య “హో” అన్నాడు. ఎడ్లు వెనక్కి నడవసాగాయి. అంతే, ఛాతీ ఒక్కసారి బిగుసుకుపోయి వాలుమీద కూలబడ్డాడు. ఎడ్లు వెనక్కి పోతూనే ఉన్నాయి. వాటి వెనక కాళ్ల కింద మట్టి బావిలోకి రాలుతోంది. ఇంకో అడుగు వేస్తే ఎడ్లు రెండూ అల్లుడి మీదే పడతాయి. పెదాలు కలిపాడు. గాలి తప్ప కూత రాలేదు.

“బ్ర్‌ర్ర్!”

ఎడ్లు ఆగిపోయాయి.

తొట్టి పక్కన యాకమ్మ లేచి నిలబడి ఉంది. కింది పెదవి మీద తుంపర మెరుస్తోంది. సారయ్య ఆ పిల్ల వైపే చూశాడు. ఆ చూపు అట్లాగే నిలిచిపోయింది.

లచ్చమ్మ జొన్న గట్క ముంత పట్టుకుని వచ్చేసరికి ఎడ్లు గట్టుమీద, తండ్రి వాలుమీద ఉన్నారు. ఆమె కేక విని సోమనర్సయ్య మోటతాడు పట్టుకుని పైకి పాకాడు.

“ఇప్పటిదాంక మామ కూత వింటనే ఉన్న! ఎడ్లనాపిండు గద!”

“ఏడిది? ఒళ్లంత సల్లబడ్డది నాయినకు!”

ఇద్దరూ పిల్ల వైపు తిరిగారు. కింది పెదవి మీద తుంపర ఇంకా ఆరలేదు. లచ్చమ్మ మోకాళ్లమీద కూలబడింది. “ఇంకోపారి అను బిడ్డ. నీ కాళ్లు మొక్కుత, ఇంకోపారి అను.”

యాకమ్మ అనలేదు. తాత కాలిమీది ఈగను తోలుతూ కూర్చుంది.

సోమనర్సయ్యకు ఏడవడానికి కూడా వ్యవధి లేదు. మామ పాదాలు తాకి, కూతురి పెదాలను బొటనవేలితో తడిమి, జొన్నచేలో దూరాడు. సాయంత్రం పాడె పట్టడానికి అల్లుడు లేడు, పక్కింటివాళ్లే మోశారు.

మర్నాడు దొర ఇంకో జీతగాణ్ని పంపాడు. వాడు తన ముల్లుగర్ర తానే తెచ్చుకున్నాడు, ములుకు కొత్తది. సారయ్య కర్ర తొట్టికి ఆనించిన చోటే ఉంది. పట్టు దగ్గర చెమటకు నల్లబడి నున్నగా, కొసన ములుకు పీకిన బెజ్జంతో.