గ్లౌజులు విప్పిన చేతులు

ఫొటో తీయడం అవగానే గ్లౌజులు మళ్లీ గోనెసంచిలోకి వెళ్లిపోయాయి. మా కళ్లముందే. "మురికి కాకుండా విప్పండర్రా, రేపు పక్క వార్డులో ఫొటో ఉంది," అన్నాడు మా మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు సారు. మేం వట్టి చేతులతో కాలవలోకి దిగాం. మధ్యాహ్నానికి ఆఫీసువాళ్ల ఫేస్‌బుక్ పేజీలో మా నవ్వు మొహాలు వెలిగిపోతున్నాయి. 'కార్మికుల భద్రతే మా బాధ్యత' అని పైన రాత. ఊరు ఊరంతా మెచ్చుకుంటూ ఎర్ర గుండె బొమ్మలు కురిపించింది.

మేం మురుగు కాలవలు తీసే మనుషులం. ప్రభుత్వం కొత్త రోజుల్లోకి వచ్చేసి మాక్కూడా ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. పొద్దున్నే మొహం ఫొటో పెడితే హాజరు. సారు ఏం పెట్టినా కింద బొటనవేలు బొమ్మ నొక్కాలి, చూశామని గుర్తు. నొక్కనివాడు ఆ పూట పనికి రానట్టే. మాకెంత అలవాటైందంటే, సారు ఆవలించినా వేళ్లు లేచేవి. మా లారీ డ్రైవరు నిద్రలో పెళ్లాం ముక్కు నొక్కాడట. మీరు నమ్మకపోతే మానెయ్యండి, నేను నమ్మాను.

ఆ రోజే గాజుపెంకు దిగి గంటక్క అరచెయ్యి చీలింది. గొంతు గంటలా మోగుతుందని ఆవిడకా పేరు. కట్టైనా కట్టుకోకుండా ఆ చెయ్యి ఫొటో తీసి, ఆఫీసు పేజీలో మా ఫొటో కిందే పెట్టింది. "సంచిలో గ్లౌజులు క్షేమమేనా?" అని రాసింది.

సాయంత్రం గ్రూపులో అక్క ఫొటోతో సారు మెసేజి: 'ఆఫీసు పరువు తీసినందుకు ఈమెను పనిలోంచి తీసేశాం.'

ఇక చూడండి మా వీరత్వం. వరసగా బొటనవేళ్లు. నాదీ ఉంది. చదవలేదా అంటే, చదివాను. చదివే నొక్కాను.

మర్నాడు సారు తన ఫోను అక్క మొహం ముందు పెట్టాడు. "చూసుకో. నీవాళ్లందరికీ సమ్మతమే."

అక్క షెడ్డుకొచ్చింది. కేకలేస్తుందనుకున్నాం. వేసినా బాగుండేది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని మెల్లగా అడిగింది.

"నీదీ ఉందా బాబాయ్?"

నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. ఆవిడ లేచి వెళ్లిపోయింది.

"చూశామని నొక్కాం గానీ, సరేనని కాదుగా," గొణిగాడు డ్రైవరు.

"చూసి ఊరుకుంటే వాడికి సరేనన్నట్టే కదరా!" అక్క ఆడపడుచు విరుచుకుపడింది. ఆమె కూడా మాతోపాటు కాలవలోకి దిగేదే. "నేనూ నొక్కాను. సొంత వదిన పని పోతే వేలెత్తాను. ఇంటికెళ్లి ఏ మొహంతో అన్నం వడ్డించను?"

"అయితే ఏం చెయ్యమంటావ్? మన పనీ పోతుంది."

"ఒక్కళ్లని తీస్తాడు, మిగతావాళ్ల చేత ఔననిపిస్తాడు. ఇవాళ వదిన, రేపు నువ్వు. అందర్నీ తీసేస్తే కాలవలోకి వాడు దిగుతాడా?"

ఆ రాత్రి షెడ్డులోనే అందరం ఒక మాట మీదికొచ్చాం.

తెల్లారి హాజరు వేళకి గ్రూపులో ఒక్క మొహమూ రాలేదు. చేతులొచ్చాయి. పుండ్లు పడ్డవి, గోళ్లూడినవి, పాత కుట్లున్నవి. అవే ఆఫీసు పేజీలోనూ పెట్టాం. 'సంచి విప్పండి, అక్కని పనిలోకి తీసుకోండి.' ఎవరో పంతులమ్మ కింద రాసింది: 'మొన్న నేనూ మెచ్చుకున్నాను. సిగ్గేస్తోంది.' ఆ సిగ్గు ఊరంతా పాకేలోపే సారు పేజీలో ఎవరూ రాయకుండా చేశాడు. గ్రూపుకీ తాళం వేశాడు.

తాళం వేసింది ఫోనుకేగా, కాళ్లకు కాదుగా. పారలు వదిలేసి ఆఫీసు గేటు దగ్గరికి నడిచాం. పోలీసు వ్యాను మాకంటే ముందే వచ్చి ఉంది. అక్క ఓ పక్కగా నిలబడి ఉంది.

"ఈ చేతుల ఫొటోలు పెట్టమని చెప్పిందెవడు?" సారు అరిచాడు. "వాణ్ణొక్కణ్ణే తీసుకెళ్తారు. మిగతావాళ్లు పనికి పొండి."

వట్టి చేతులన్నీ ఒక్కసారి లేచాయి. నాదీ లేచింది. అక్క మా వైపు చూడనైనా లేదు. చూడమని అడిగే మొహం మాకూ లేదు.

వ్యాను తలుపు తెరుచుకుంది. పోలీసు నా వైపే రెండడుగులు వేశాడు. దాచడమెందుకు, నా చెయ్యి కాస్త వంగింది.

అప్పుడు మోగింది ఆ గొంతు.

"దించకు బాబాయ్!"