మిగులు నీళ్లు

పోతనాళ మార్కెట్ యార్డులో కొత్త కంపెనీ గురించి పెట్టిన సభలో, వందల మంది చూస్తుండగా, కాలువ చివరి ఊరి కూలీ భీమవ్వ చేతిలోంచి మైకు లాక్కున్నారు. ఆమె అడిగింది ఒక్కటే, మా చెరువు నింపే నీళ్లు మిగులు నీళ్లు ఎట్లయినయని. దేశమంతటా హైడ్రోజన్ పరిశ్రమ రాబోతోందని, ఎండతో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో నీటిని విడగొట్టి పొగ రాని ఇంధనం తీస్తారని, ఈ కాలువ చివర నీళ్లు మిగులుతున్నట్టు తేలింది గనక కంపెనీకి ఇక్కడే చోటిస్తున్నారని అప్పటిదాకా గంటసేపు ఊదరగొట్టిన ఇంజనీరు, ఈ ప్రశ్నకు మాత్రం నవ్వి పోలీసుల వైపు చూశాడు. ఇద్దరు పోలీసులు ఆమెను రెక్క పట్టుకుని కూర్చోబెట్టారు.

ముందు వరసలో ఉన్న రైతు శివరామకృష్ణయ్యకు ఒళ్లు మండింది. ఇంజనీరును తిట్టడానికి లేచాడు కూడా. అంతలో తెర మీద కొలతలు తీసిన తేదీలు కనబడ్డాయి. లేచినవాడు మళ్లీ కూలబడ్డాడు.

కృష్ణా జిల్లా నుంచి ఆయన తండ్రి వచ్చి ఈ కాలువ కింద క్యాంపు, అంటే వలస రైతుల ఊరు, కట్టిన నాటి నుంచీ ఒక కట్టుబాటు ఉంది. ఏటా మార్చిలో, వరి పాలు పోసుకునే రోజుల్లోనే, క్యాంపు రైతులు నాలుగు రోజులు తూములు మూసుకుంటారు. ఆ నీళ్లు కిందికి పారి చివరి ఊళ్ల తాగునీటి చెరువులు నిండుతాయి. ఇదేదో దయ అనుకునేరు. భీమవ్వలాంటి ఆ ఊళ్ల ఆడవాళ్లు నాట్లకు రాకపోతే క్యాంపులో ఒక్క మడి పచ్చబడదు. నిరుడు సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే కాలువ నీళ్లు కొలిచేవాళ్లు దిగారు. శివరామకృష్ణయ్యే వాళ్లకు ఇడ్లీలు పెట్టించి, చూడండి బాబూ, ఎన్ని నీళ్లు వదులుతున్నామో అని గొప్పలు పోయాడు. ఎండిన గొంతులకు పోయే నీళ్లను మిగులని రాసుకుపోయారు దొంగలు. వాళ్లకు దారి చూపింది తానే.

వారం తిరక్కుండా కాలువ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఢిల్లీ బృందం మళ్లీ కొలవడానికి సోమవారం వస్తోంది, ఎప్పటిలాగే తూములు మూయండి అని. ఆయన ఆ కాగితం పట్టుకుని భీమవ్వ ఊరికి వెళ్లి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఊరంతా మీద పడింది. ఏడాదంతా మీ మళ్లకు నీళ్లు, మాకు నాలుగు రోజుల బిచ్చం, అది గూడ కంపెనీకి చూపెట్టినవా అని తిట్టారు. కృష్ణ ఒడ్డున కరెంటు కోసమని పొగగొట్టాలు లేపిననాడు గూడ దేశం కోసమే అన్నరని ఓ ముసలాయన గుర్తు చేశాడు. శివరామకృష్ణయ్య తల వంచుకుని విన్నాడు. తిట్లన్నీ న్యాయమైనవే.

"ఇప్పుడు తూములు మూస్తే ఏమైతది?" అంది భీమవ్వ.

"మీ చెరువు నిండుద్ది. వాళ్ల కాగితమూ నిండుద్ది. పై ఏడాది నించీ ఆ నీళ్లు కంపెనీ గొట్టంలోకే."

చెరువులో బురద తప్ప ఏమీ లేదు. బోర్లు వేస్తే ఫ్లోరైడు నీళ్లు. అయినా భీమవ్వే తేల్చి చెప్పింది.

"మూయకుర్రి సావుకారీ. ఈ యేడు మా చెరువు ఎండనియ్యి. గిప్పుడు ఆశపడితే జిందగీ అంతా ఎండుతం."

పిల్లలకు ఏం పోస్తావని ముసలాయన ఆమెతో కొట్లాటకు దిగాడు. రోజూ క్యాంపు ట్రాక్టర్లతో నీళ్లు తెస్తానని శివరామకృష్ణయ్య మాటిచ్చాడు. క్యాంపులో సగం మంది, సర్కారుతో మనకెందుకు పేచీ అన్నారు. గొట్టం వేసినవాడు నాలుగు రోజుల నీళ్లతో ఆగుతాడా, రేపు మన మడి మీదికి రాడా అని ఆయన ఇంటింటికీ తిరిగి దెబ్బలాడాడు. శనివారం నుంచే ట్రాక్టర్లు కదిలాయి.

సోమవారం పొద్దున్నే తూములు మూయించడానికి అధికారులు పోలీసులతో వచ్చారు. అప్పటికే ప్రతి తూములోనూ, ఎత్తి ఉన్న షట్టరు కింద, మనుషులు కూర్చుని ఉన్నారు. క్యాంపు రైతులు, చివరి ఊరి కూలీలు, నడుముల్లోతు నీళ్లలో, ఒకరి పక్కన ఒకరు. తమ చెరువుకు పారాల్సిన నీళ్లను తామే ఆపుకుంటున్న జనాన్ని చూసి అధికారులకు దిక్కు తోచలేదు. ఇంత కష్టం ఎవరు తెచ్చిపెట్టారో వాళ్లే లాఠీలతో వచ్చారు!

మొదటి తూములోంచి శివరామకృష్ణయ్యను ఈడ్చారు. పంచె చిరిగింది, మోచేయి చీరుకుపోయింది. వ్యానులోకి తోస్తుంటే వెనక్కి తిరిగి చూశాడు. ఆయన లేచిన చోట భీమవ్వ కూర్చుంది.

ఎస్సై ఆమె మీదికి వంగి బుజ్జగించబోయాడు. ఈ తూము మూస్తే నీళ్లు నీ ఊరి చెరువుకే గదా పోయేది, నీ మేలుకే చెప్తున్నా, లే అన్నాడు.

"మా చెరువుకు యాడాదికి నాలుగు రోజులు చాలు సాబ్. మీ గొట్టానికి ఎన్ని రోజులు చాలో చెప్పు, లేస్త."

ఎస్సై ఇంజనీరు వైపు చూశాడు. గట్టు మీద నిలబడ్డ ముసలాయన చెప్పులు విప్పి నీళ్లలోకి దిగాడు, ఆయన వెనక మిగతావాళ్లూ దిగారు. వ్యాను కదిలేసరికి గట్టు మీద పోలీసులు, అధికారులు తప్ప ఎవరూ లేరు.