ఇద్దరు చెప్పిన మాట

కాటన్‌పేట పట్టు గోదాములో ఎవరో కిటికీ తెరిచి వదిలేశారు. వానకు పన్నెండు చీరల కట్టలు తడిసిపోయాయి. కసువు ఊడ్చే అక్కయమ్మే తెరిచిందని గోదాములో పనిచేసే మునీంద్ర చెప్పాడు. అతనితో పనిచేసే అర్పిత కూడా అదే చెప్పింది.

"ఇద్దరు చెప్పినాక ఇంకేముండాదమ్మా? రేపట్నుంచి ఆమెను రావద్దని రాసియ్యి," అన్నాడు యజమాని వెంకటగిరియప్ప, గోదాము లెక్కలు రాసే గీతాంజలితో.

గీతాంజలి వాళ్ళింట్లో మొదటి డిగ్రీ ఆమెదే, అదీ స్టాటిస్టిక్స్. గోదాములో ఎవరి మాట ఎన్నిసార్లు నిజమైందో ఆరు నెలలుగా రాసి పెట్టుకుంటోంది. మునీంద్ర మాట నాలుగింట మూడుసార్లు నిజం, అర్పితది మూడింట రెండుసార్లు. ఇద్దరూ తప్పు చెప్పడం కంటే ఇద్దరూ నిజం చెప్పడానికే ఆరింతల అవకాశం. లెక్క ప్రకారం అక్కయమ్మ పని పోయినట్టే. అయినా మనసొప్పక అర్పితను పక్కకు పిలిచింది.

"నీ కళ్ళతో చూసినావా?"

"నేనెక్కడ చూసినానక్కా! మునీంద్రన్న చెప్పినాడు కదా, నేనూ అట్లే అంటి."

గీతాంజలికి తన లెక్కలో తప్పు తెలిసింది. ఒక్క నోటి మాటను ఇద్దరి మాటగా గుణించింది తను.

"ఆ కిటికీ దగ్గరికి ఎప్పుడూ పోయేదెవరు?"

అర్పిత గొంతు తగ్గించింది. "బీడీ తాగనీకి మునీంద్రన్నే పోతాడు. ఇంకెవరికేం పని అక్కడ?"

గీతాంజలి ఏమీ రాయని తెల్లకాగితంతోనే యజమాని దగ్గరికి తిరిగొచ్చింది. "సార్, చెప్పింది మునీంద్ర ఒక్కడే, అర్పిత అతని దగ్గర విన్నదే చెప్పింది. అతని మీదే నాకిప్పుడు అనుమానం. అక్కయమ్మ పేరు నేను రాయను."

వెంకటగిరియప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆయమ్మ నీకు చుట్టమేమమ్మా?"

"కాదు సార్. ముందు మునీంద్రను పిలిపించండి."